తోడికోడలి కిటికీ

నా మొగుడు నోల్బెర్తో సుత్తి పట్టాడంటే దీవిలో మెచ్చుకోని మనిషి లేడు. మెచ్చుకోనిది మా ఇంటి ఉత్తరపు గోడ ఒక్కటే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అది అతన్ని చూసే అని ఉంటారు. ఆ గోడకి కప్పిన చెక్కపలకలు కుళ్ళి, ఒకటొకటే ఊడి, ఉత్తరపు గాలి తిరిగినప్పుడల్లా వాన మా మంచం దాకా వచ్చేది. మూడు శీతాకాలాలుగా మంచాన్ని పొయ్యి వైపు జరుపుకుంటూ వస్తున్నాం. ఇంకొక్కటి గడిస్తే పొయ్యిలోనే పడుకోవాలి.

ఆ ఏడు వేసవిలో, మా దక్షిణపు దీవుల్లో ఎండలు కాసే జనవరి మొదట్లో, తుఫానుకి కొట్టుకొచ్చిన సిప్రెస్ దుంగ ఒకటి ఎదుటి దీవి ఒడ్డున దొరికింది. నోల్బెర్తో దాన్ని పడవ వెనక కట్టి లాక్కొచ్చాడు. నీళ్ళోడుతూ, మనిషి కౌగిలికి అందనంత లావుగా ఉంది. దాన్ని చూస్తూ నేను మనసులోనే గోడంతా కప్పేసుకున్నాను. ఎద్దుల జత దాన్ని లాక్కుంటూ బాట మీదికి వచ్చేసరికి మా గేటు బార్లా తీసి పట్టుకున్నాను. ఎద్దులు మా గేటు దాటిపోయి పక్కింటి గేటు దగ్గర ఆగాయి.

పక్కిల్లు నా తోడికోడలు ఫ్రెసియాది. ఆమె మొగుడు ఎలియేసర్, నోల్బెర్తో తమ్ముడు, రెండేళ్ళ కిందట గుల్లల వేటకి వెళ్ళి సముద్రంలో పోయాడు. పడవ దొరికింది గానీ మనిషి దొరకలేదు.

"ముందు దాని గోడ చేసేస్తాను," అన్నాడు నోల్బెర్తో, సాయంత్రం చేతులు కడుక్కుంటూ.

"మరి మనది?"

"మన పలకలు అటక మీద ఉన్నాయిగా. ఎండినవి ఎక్కడికి పోతాయే?"

అవి అన్నదమ్ములిద్దరూ కలిసి చీల్చినవి. ఎలియేసర్ పోయిన దగ్గర్నుంచి పొగ వంటింటి అటక మీద, వేలాడే పంది మాంసం పక్కన పడి, రెండేళ్ళుగా పొగ తాగుతున్నాయి. అంటే ఫ్రెసియాకి తాజా చెక్క, నాకు పొగచూరిన చెక్క. ఆమెకి ఈ వేసవి, నాకు ఎప్పుడో.

"అలాగే కానీ," అన్నాను. ఇంకేమంటాను? మొగుడున్న ఆడదాన్ని చూసి కుళ్ళుకుంటే వినడానికి నలుగురు వస్తారు. మొగుడు పోయిన దాన్ని చూసి కుళ్ళుకుంటే ఎవరికి చెప్పుకోను? చర్చిలో పాదిరీకి చెప్పినా ఆయనా ఆమె వైపే ఉంటాడు. పైగా ఫ్రెసియా ఏడ్చి ఏడ్చి కూడా అందంగానే ఉంది. అది నాకు అన్యాయంగా అనిపించేది. మా పెళ్ళిళ్ళకి ముందు ఊరి పండగలో నోల్బెర్తో మొదట ఆమెతో నాట్యం చేశాడు, తర్వాత నాతో. ఆ వరస అతను మర్చిపోయి ఉంటాడు. నేను మర్చిపోలేదు.

మర్నాటి నుంచి ఆ ఇంటి పెరట్లో పని మొదలైంది. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య గుబురుగా పెరిగిన మూర్తా పొద ఒకటుంది. దాని కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అయినా రోజూ గిన్నె పట్టుకుని కాయలు ఏరడానికి వెళ్ళేదాన్ని.

నోల్బెర్తో దుంగ ముక్క నిలబెట్టి, చీల్చే కత్తి పెట్టి, కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. మూరెడు పొడుగు, జానెడు వెడల్పు పలక తడితడిగా విడిపోయేది. ఆ వాసన పొద దాకా వచ్చేది. ఫ్రెసియా పలకలు అందిస్తుంటే అతను కింది వరస నుంచి పైకి కొట్టుకుంటూ పోయేవాడు. పై వరస కింది వరస మేకుల్ని కప్పాలి, అతుకు మీద అతుకు రాకూడదు. ఇవన్నీ నాకు తెలిసినవే. కొత్తగా చూసిందేమిటంటే, పక్క పలకల్ని వెంట్రుక దూరనంత దగ్గరగా ఆనించి కొడుతున్నాడు. పైగా ప్రతి పలక కొసనీ చిన్న గొడ్డలితో గుండ్రంగా చెక్కుతున్నాడు. గోడంతా చేప పొలుసుల్లా తయారవుతోంది. నాకు ఎన్నడూ ఒక గరిటె కాడైనా చెక్కివ్వని మనిషి.

ఒకరోజు ఆ గోడకి ఉన్న కిటికీ దాకా వరస వచ్చింది. చిన్న కిటికీ, సరిగ్గా మా ఇంటి వైపు చూస్తుంది. చలికాలంలో కూడా, వానలో కూడా ఫ్రెసియా దాన్ని మూయదు. ఎందుకు మూయదో నాకు తెలుసనుకునేదాన్ని. మా వాకిట్లో నోల్బెర్తో తిరుగుతుంటే ఆ కిటికీలోంచి కనపడతాడు.

"దీన్ని మూసేసి పైనుంచి పలకలు కొట్టేద్దామా?" అన్నాడు నోల్బెర్తో. "గాలీ వానా ఇటునుంచే కదా నీకు."

"వద్దు బావా," అంది ఫ్రెసియా. "ఇదొక్కటీ ఉండనీ."

"చలికి చస్తావు."

"చస్తే చస్తాను, ఉండనీ."

అతను నవ్వాడు.  ఇంటికొచ్చి ఆ పచ్చి కాయలన్నీ కోళ్ళకి వేశాను. కోళ్ళు కూడా తినలేదు.

మా అత్త దోన్యా సునిల్దా పొయ్యి పక్కన కూర్చుని సొరబుర్రలోని మాతే ఆకు కషాయాన్ని గొట్టంతో పీలుస్తోంది. ఆవిడకి కళ్ళు సరిగా కనపడవు గానీ మిగతావన్నీ కనపడతాయి.

"మూర్తా కాయ మార్చి దాటాక గానీ పండదు కదే ఓతిలియా," అంది.

"తెలుసు అత్తా."

"తెలిస్తే సరే," అని సొరబుర్రని నా వైపు చాపింది. "తాగు. వేడిది తాగితే కడుపులో మంట తగ్గుతుందంటారు. నేను నమ్మను గానీ."

ఫిబ్రవరి నెలాఖరుకి ఫ్రెసియా గోడ అయిపోయింది. చర్చికి వెళ్ళేవాళ్ళందరూ బాట మీద ఆగి చూసి పోయారు. నోల్బెర్తో మా గోడ మొదలుపెడతాడని ఎదురుచూశాను. ఇంతలో సముద్రపు నాచు కోసం దక్షిణానికి వెళ్ళే పడవలో మనిషి తక్కువయ్యాడని కబురొచ్చింది.

"ఈస్టరుకి ముందే వచ్చేస్తాను. రాగానే మన గోడే," అని సంచీ భుజాన వేసుకున్నాడు.

పోతూ పోతూ పక్కింటి గోడ కేసి చూసి, ఒక పలక మీద అరచెయ్యి ఆనించి, కదులుతుందేమోనని నొక్కి చూశాడు. అది చాలు నాకు. పడవ కనుమరుగు కాకుండానే నిచ్చెన తీసుకొచ్చి అటకకి ఆనించాను.

పలకలన్నీ దించి వాకిట్లో పేర్చాను. తేలిగ్గా, నల్లగా, వేలితో తడితే గలగలమంటున్నాయి. పాత గోడంతా గడ్డపారతో ఊడబెరికాను. చేతికి అందినంత మేర నేల మీద నిలబడి, ఆ పైన రెండు పీపాల మీద బల్ల వేసుకుని పరంజాలా ఎక్కి కొట్టాను. వరస వంకర పోకుండా అడుగున ఒక తిన్నని బద్ద అడ్డంగా బిగించి, దాని మీద పలకలు నిలబెట్టేదాన్ని. వేళ్ళ మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో చెప్పను. పడ్డ ప్రతిసారీ ఒక పేరు పెట్టి తిట్టాను, ఆ పేరు నోల్బెర్తోది కాదు. కొసలు కూడా గుండ్రంగా చెక్కాను. మొదట చెక్కినవి చేప పొలుసుల్లా కాక కుక్క కొరికిన బిస్కెట్లలా వచ్చాయి. వాటిని చూరు కింద మరుగున పడేలా దాచిపెట్టి, చెయ్యి తిరిగాక చెక్కినవి కంటి ఎత్తున పెట్టాను. పక్క పలకల్ని అతని కంటే దగ్గరగా ఆనించాను. కత్తి మొన కూడా దూరదు. ఎవరైనా వచ్చి చూసుకోమను.

వచ్చింది ఫ్రెసియాయే. గేటు బయట నిలబడి చాలాసేపు చూసింది. నేను చూడనట్టు మేకులు నోట్లో పెట్టుకుని పని చేసుకుంటున్నాను.

"అక్కా, అవి పొగ అటక మీది పలకలేనా?"

"ఊఁ."

"అక్కా, ఒక మాట చెప్పనా?"

మేకులు చేతిలోకి ఊసుకున్నాను. "చెప్పొద్దు."

"అది కాదక్కా..."

"నీ గోడ అయిపోయిందిగా. నీ ఇంట్లో కూర్చుని దాన్ని చూసుకో. నా గోడ జోలికి రాకు."

ఆమె ముఖం ఎర్రబడింది. కోపం వచ్చిందనుకున్నాను. గబగబా వెళ్ళిపోయింది. ఆ రోజంతా నాకు పనిలో అలుపే తెలియలేదు.

నోల్బెర్తో చెప్పినట్టే ఈస్టరుకి ముందు, ఒక సాయంత్రం మసక వేళ వచ్చాడు. ఆకాశం అప్పటికే నల్లబడి ఉంది. గోడ చూసి సంచీ కింద పడేశాడు.

"ఎవరు కొట్టారే?"

"ఎవరు కొట్టినట్టుంది?"

దగ్గరికి వెళ్ళి అరచేత్తో పొడుగునా రాశాడు. "నువ్వా? ఒక్కదానివే?"

"దాని గోడ కంటే బాగుందా, లేదా? అది చెప్పు."

"బాగుంది," అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను అంత ఇదిగా చూడటం నేను ఎరగను. ఆ పూట కోడిని కోశాను. వాన మొదలైంది. మంచాన్ని పాత చోటికి జరిపాం, చుక్క పడలేదు. వాన చప్పుడు వింటూ, పక్కింట్లో ఫ్రెసియా కూడా మేలుకుని ఉండాలనీ, నా గోడ గురించే ఆలోచిస్తుండాలనీ కోరుకున్నాను.

వాన మూడు రోజులు విడవలేదు. నాలుగో రోజు సాయంత్రం భోజనాల దగ్గర కూర్చున్నాం. దుంపల రొట్టె తుంచుతున్నాను. గోడలోంచి టప్ మని చప్పుడు వచ్చింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత వరసగా టపటపమని, ఎవరో వేళ్ళు విరుస్తున్నట్టు.

నోల్బెర్తో లాంతరు తీసుకుని బయటికి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. గోడ మధ్యలో పలకలు ఉబ్బి, ఒకదాన్నొకటి తోసుకుని, మేకుల్ని పీక్కుని బయటికి పొడుచుకొచ్చాయి. కొన్ని నిలువునా చీలాయి. కింద మట్టిలో నేను చెక్కిన గుండ్రటి కొసలు పడి ఉన్నాయి.

"ఎండు పలకల్ని ఆనించి కొట్టావా?" అన్నాడు. "ఎండినవాటికి ఎడం ఇవ్వాలి కదే. వాన తాగితే ఉబ్బవూ? ఎక్కడికి పోతాయి మరి?"

"నువ్వు ఆనించే కొట్టావుగా."

"అవి తడి పలకలు. ఎండేకొద్దీ కుదించుకుంటాయి, వాటంతట అవే ఎడం ఇచ్చుకుంటాయి. అందుకని..." అని ఆగాడు. లాంతరు నా ముఖం వైపు ఎత్తాడు. "నేను ఆనించి కొట్టానని నీకెలా తెలుసు? నువ్వు ఒక్కనాడూ ఆ పెరట్లోకి రాలేదే."

 అతను పొద వైపు చూశాడు. ఆ పొద అంత ఎత్తుగా ఉంటుందని అప్పుడే గమనించినవాడిలా చూశాడు.

"కాయలు ఏరడానికి..." అన్నాను.

"నన్ను కాపలా కాశావా, ఓతిలియా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "నా తమ్ముడి ఇంటి దగ్గర?"

లాంతరు గుమ్మంలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. రొట్టె సగమే తిన్నాడు.

ఆ తర్వాత అతను నాతో మాట్లాడటం మానేశాడు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అంతే. పోట్లాట నాకు అలవాటే. మా ఇంట్లో ఉప్పు గురించీ, బూట్ల బురద గురించీ పోట్లాడుకోకుండా ఒక్క పూట గడిచేది కాదు. ఈ మౌనమే నాకు చేతకాలేదు. కావాలని కూరలో ఉప్పు దండిగా పోశాను. నోరు మూసుకుని తిన్నాడు. అప్పుడు నిజంగా భయమేసింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంట ఒకావిడ. నా విషయంలో ఊరే నవ్వింది. మా గోడ బాట వైపే ఉంది మరి. "ఓతిలియా గోడకి ఎన్నో నెల?" అని అడిగారు చర్చి దగ్గర. "మగపిల్లాడే, పొట్ట చూడు ఎలా ముందుకొచ్చిందో," అని ఇంకొకావిడ.

"మొత్తం ఊడదీసి మళ్ళీ కొట్టాల్సిందే," అంది మా అత్త. "అసలు వానలు పట్టేలోపు, ఒక్క పొడి రోజులో. మీ ఇద్దరి వల్లా కాదు, మాట్లాడుకున్నా కాదు. ఊరిని బతిమాలుకో."

మా దగ్గర ఇల్లు కట్టినా, కొయ్య ఇంటిని ఇంకో చోటికి ఈడ్చినా, పలకలు కప్పినా కూలికి ఎవరూ రారు. ఇంటావిడ గడప గడపకీ వెళ్ళి, గుమ్మం బయట నిలబడి బతిమాలుకోవాలి. వచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టాలి. రేపు వాళ్ళు బతిమాలితే మనం వెళ్ళాలి. ఏ గడపనీ వదలకూడదు, దగ్గరి ఇంటితో మొదలుపెట్టాలి.

నేను దూరపు ఇంటితో మొదలుపెట్టాను. రేవు దగ్గర లిందోర్ పెళ్ళాం నా మాట పూర్తిగా విని, "తప్పకుండా వస్తాం. ఫ్రెసియా వస్తానందా?" అంది. ఇంకా అడగలేదన్నాను. "అడిగాక మళ్ళీ రా," అని తలుపు దగ్గరికి వేసింది. తర్వాతి ఇంట్లోనూ అదే మాట. ఆ తర్వాతి ఇంట్లో నవ్వారు. వెనక్కి తిరిగాను. వాన మొదలైంది.

ఫ్రెసియా గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టాను. ఆమె తీసింది. ఆమె వెనక ఆ కిటికీ తెరిచే ఉంది. వాన లోపలికి కొడుతోంది, దాని కింద కుర్చీ ఒకటి వేసి ఉంది.

"ఫ్రెసియా, బతిమాలుకోవడానికి వచ్చాను," అన్నాను. ఎలియేసర్ పోయిన రోజున ఆమెని ఓదార్చడానికి కూడా నేను అంత కష్టపడలేదు. "గురువారం మా గోడకి నీ చెయ్యి కావాలి."

"వస్తానక్కా." వెంటనే అంది. ఇక నేను వెళ్ళిపోవచ్చు. అయినా గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఆ కిటికీ మూసుకోవచ్చుగా. నేలంతా తడిసిపోతోంది."

"మూస్తే వినపడదు."

"ఏం వినపడదు?"

ఆమె అటూ ఇటూ చూసింది. "మీరు," అంది. "ఉత్తరపు గాలికి మీ ఇంట్లో మాటలన్నీ ఇటే వస్తాయి. ఉప్పెక్కువైందని బావా, నాలుకే లేదని నువ్వూ. బురద బూట్లతో నేలంతా తొక్కాడని నువ్వు మొదలుపెడితే నేను ఇక్కడ కూర్చుని తింటాను. ఎలియేసర్ కూడా అంతే, ఉప్పుకే రాద్ధాంతం చేసేవాడు."  "రెండేళ్ళైంది అక్కా, నాతో ఎవరూ గొడవ పడి. అందరూ మెల్లిగా మాట్లాడతారు, పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు. బావ కూడా అంతే. నువ్వొక్కదానివే ఆ రోజు కసిరావు చూడు, నా గోడ జోలికి రాకు అని. ఇంటికొచ్చి చాలాసేపు నవ్వుకున్నాను."

నేను కిటికీ కింద వేసిన ఆ కుర్చీ కేసి చూశాను.

"నీ మీద ఎంత కుళ్ళుకున్నానో నీకు తెలియదు," అంది ఫ్రెసియా. "ఆ పలకల సంగతి ఆ రోజే చెప్పేదాన్ని. చెప్పొద్దన్నావు కదా, సరే ఉబ్బనీ అనుకున్నాను. గట్టిగా చెప్పి ఉండాల్సింది." కిటికీ వైపు తిరిగింది. "వారం దాటింది, మీ ఇంట్లోంచి ఒక్క మాట రాలేదు. ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"లేదు," అన్నాను. "అందరం బాగానే ఉన్నాం."

గురువారం ఊరంతా వచ్చింది. పొద్దున్న ఊడదీశారు, చీలినవి పక్కన పడేసి మంచివి మళ్ళీ కొట్టారు. పరంజా మీద ఫ్రెసియా నా పక్కనే నిలబడింది. ప్రతి రెండు పలకల మధ్యా ఒక మేకు నిలబెట్టి, ఎడం చూసుకుని, అది తీసి పక్కదానికి పెట్టడం నేర్పింది. ఈసారి నేర్పనిచ్చాను. నా చూరు కింది కుక్క కొరికిన పలకలు బయటపడ్డాయి. ఆమె వాటిని చూసింది, తను చూడటం నేను గమనించానేమోనని నన్నూ చూసింది. "నవ్వితే కిందికి తోస్తాను," అన్నాను. "తొయ్యి," అంది. నోల్బెర్తో నిచ్చెన కింద నిలబడి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

మూడు కుండల చిచా, అదే ఆపిల్ కల్లు, ఖాళీ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. కుళ్ళంతా పోయిందని నేను చెప్పను. తడి చెక్కతో చేసిన ఆమె గోడే ఇప్పటికీ నా గోడ కంటే నునుపుగా ఉంటుంది, అది చూసినప్పుడల్లా నాకు మండుతుంది. మా అత్త గుర్రు పెడుతోంది. మిగిలిన చారు వేడి చేసి నోల్బెర్తో ముందు పెట్టాను. రెండు చెంచాలు తాగి ఆగాడు. 

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

లేచి పక్కింటి వైపు కిటికీ తలుపులు రెండూ బార్లా తీశాను. తెరిచి ఉన్న తలుపులోంచి వచ్చిన ఉత్తరపు గాలి నా వెనకనుంచి ఆ కిటికీ దాటి దూసుకుపోయింది. అక్కడ ఆమె కిటికీలో దీపం కనపడుతోంది.

"ఉప్పు ఎక్కువ కాలేదు," అన్నాను, గొంతు ఎంత లేస్తే అంత లేపి. "నీకు నాలుకే లేదు. పొద్దున్నుంచి అదే చారు ఊరంతా తాగింది, ఒక్కరు అనలేదు. ఆ బూట్లు చూడు, ఎవరు కడుగుతారు ఈ నేల?"

"ఎందుకే అంత గట్టిగా అరుస్తావు?" అన్నాడు నోల్బెర్తో. "పక్కనే ఉన్నాగా."

"నీ ఒక్కడి కోసమే అరుస్తున్నాననుకున్నావా?" అని, బూట్ల సంగతి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.